నాలుగో పడక ఎవరిది?

అల్లాహ్ మానవునికి ప్రసాదించిన అనుగ్రహాలను గుర్తుచేస్తూ దివ్య ఖుర్ఆన్ ఆకాశం నుంచి కురిసే వర్షాన్ని, పశువుల పొదుగుల్లోని పాలను, తేనెటీగ కూర్చే తేనెను ప్రస్తావిస్తుంది. అదే నహ్ల్ సూరా 80వ ఆయతులో, మనం సాధారణంగా అనుగ్రహాల లెక్కలో చేర్చని ఒక విషయం కూడా ఉంది. అది మన ఇల్లు, ఇంట్లోని సామాను. ఇంటిని అల్లాహ్ మనకు ప్రశాంతంగా నిలిచే చోటుగా చేశాడనీ, పశువుల చర్మాలు, ఉన్ని, బొచ్చు, వెంట్రుకల నుంచి గృహోపకరణాలు సమకూర్చుకునే వీలు కల్పించాడనీ, అవన్నీ ఒక గడువు వరకే ఉపయోగపడతాయనీ ఆ ఆయతు సారాంశం.

ఇందులో మూడు సంగతులున్నాయి. ఇల్లు ప్రశాంతత కోసం. సామాను మన చుట్టుపక్కల దొరికేవాటితో. దాని ఉపయోగం కొంతకాలమే. ఈ మూడింటిలో దేన్ని మరచిపోయినా అనుగ్రహంగా రావలసిన సామాను బరువుగా మారుతుంది.

ఈ మాట అందరికీ వర్తించేదే అయినా, నెలనెలా ఒకే మొత్తం చేతికి రాని వారికి మరింతగా వర్తిస్తుంది. 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన కోనసీమనే తీసుకుందాం. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లోని మన కుటుంబాల్లో కొన్ని గల్ఫ్ సంపాదన మీద నడుస్తాయి. కొన్ని వ్యాపారం మీద, మరికొన్ని చేతిపని మీద నడుస్తాయి. చేతిపని మీద బ్రతికే ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. తండ్రి దగ్గర కుంచె పట్టడం నేర్చుకున్నాడు. దుకాణాల బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీ యంత్రాలు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. అతను చేతులు ముడుచుకొని కూర్చోలేదు. కంప్యూటర్ మీద శుభలేఖలు తయారుచేయడం నేర్చుకున్నాడు. పెళ్లిళ్ల రోజుల్లో వేదికల అలంకరణ చేస్తాడు. మస్జిదు గోడలకు, మదరసా ద్వారాలకు అరబీ అక్షరాలు రాస్తాడు. బడి గోడల మీద పిల్లల కోసం లెక్కలు, అక్షరాలు రాస్తాడు. పని ఒకటి కాదు, నాలుగైదు. ఆదాయం కూడా గోదావరి లాంటిదే. ఒక కాలంలో పొంగుతుంది, మరో కాలంలో ఇసుక తేలుతుంది.

అతనికి నిఖా అయింది. అద్దె ఇల్లు తీసుకున్నాడు. ఇంట్లో ఒక మంచం, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక స్టవ్వు ఉన్నాయి. పక్కింట్లో కువైట్ డబ్బుతో కొన్న సోఫా సెట్టు, అద్దాల బీరువా ఉన్నాయి. ఇప్పుడు అతని చుట్టూ రెండు రకాల మాటలు వినిపిస్తాయి. బంధువులు "ఈ రంగుల పని మానేసి ఏదైనా నెల జీతానికి చేరు, ముందు ఇల్లు నింపుకో" అంటారు. అతను మాత్రం "దైవప్రవక్త (స) చాప మీద పడుకోలేదా? నాకు సామాను దేనికి?" అంటాడు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఇద్దరూ ఒక్కొక్క ముఖ్యమైన విషయాన్ని వదిలేశారు. తనకు వచ్చిన, తాను ఇష్టపడిన పనిని నిలుపుకోవడం కోసం ఒక వ్యక్తి ఇంటిని ఎంతవరకు తేలికగా ఉంచవచ్చు? ఇంటిని నింపడం కోసం ఆ పనిని ఎంతవరకు వదులుకోవచ్చు? ధర్మం ఈ విషయంలో ఏమంటుందో ఆలోచిద్దాం.

దుప్పటి, గిన్నె, గొడ్డలి

ఈ ప్రశ్నకు దగ్గరగా ఉన్న ఒక సంఘటన అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. అన్సార్లలో ఒక వ్యక్తి దైవప్రవక్త (స) వద్దకు వచ్చి యాచించాడు. నీ ఇంట్లో ఏమైనా ఉందా అని ఆయన విచారించారు. కొంత కప్పుకొని కొంత పరచుకునే ఒక ముతక దుప్పటి, నీళ్లు తాగే ఒక చెక్క గిన్నె ఉన్నాయని అతను చెప్పాడు. ఆయన వాటిని తెప్పించి అక్కడే వేలం వేశారు. ఒకరు ఒక దిర్హం అన్నారు, మరొకరు రెండు దిర్హములిచ్చి తీసుకున్నారు. ఆ రెంటిలో ఒక దిర్హంతో ఇంటివారికి ఆహారం కొనమన్నారు. రెండో దిర్హంతో గొడ్డలి కొని తెమ్మన్నారు. ఆ గొడ్డలికి స్వయంగా తమ చేతులతో పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకోమనీ పదిహేను రోజుల వరకు తనకు కనిపించవద్దనీ చెప్పి పంపారు. అతను పది దిర్హములు సంపాదించి తిరిగి వచ్చాడు. వాటిలో కొంతతో బట్టలు, కొంతతో ఆహారం కొనుక్కున్నాడు.

శ్రమ గౌరవాన్ని చెప్పడానికి ఈ హదీసును మన ఉపన్యాసాల్లో తరచూ ఉదహరిస్తారు. అది సరైనదే. అయితే ఇందులో ఇంటి సామాను గురించిన పాఠం కూడా ఉంది. ఆ ఇంట్లో మిగిలిన సామానే రెండు వస్తువులు. అవి కూడా అమ్ముడుపోయాయి. ఎందుకు? సామాను కంటే పనిముట్టు ముందు అవసరం కాబట్టి. అలాగని రెండు దిర్హములూ పనిముట్టుకే పోలేదు. మొదటి దిర్హం ఇంటివారి ఆకలికి వెళ్లింది. తర్వాతే గొడ్డలి. చివరికి పని ఫలించినప్పుడు బట్టలు తిరిగి ఇంటికి వచ్చాయి. వరుస చూడండి: ముందు ఇంటివారి కనీస హక్కు, తర్వాత పనిముట్టు, ఆ తర్వాత పని తెచ్చిపెట్టిన సామాను.

మన యువకుని ఇంటికి ఈ వరుసను అన్వయిస్తే చాలా చిక్కులు విడిపోతాయి. అతనికి కంప్యూటర్, మంచి బల్ల, వెలుతురు పడే ఒక మూల అనేవి గొడ్డలితో సమానం. అవి విలాసం కావు. సోఫా కొనే డబ్బుతో కంప్యూటర్ బాగుచేయించుకున్నాడని అతన్ని ఎవరూ తప్పుపట్టనక్కరలేదు. కాని ఇంట్లో పిల్లలకు పాలు లేనప్పుడు మరో కొత్త కెమెరా కొంటే, అతను మొదటి దిర్హాన్ని కూడా గొడ్డలికే ఖర్చుపెట్టినవాడవుతాడు.

మన ధర్మశాస్త్రం కూడా ఈ రెంటినీ పక్కపక్కనే ఉంచింది. జకాత్ లెక్కించేటప్పుడు నివసించే ఇల్లు, తొడిగే బట్టలు, వాడుకునే ఇంటి సామాను, వృత్తిదారుని పనిముట్లు మూల అవసరాల కిందికి వస్తాయి. వాటిమీద జకాత్ లేదు. అయితే హనఫీ ఫిఖ్హ్‌లో మరో సూక్ష్మం ఉంది. జకాత్ తీసుకోవడానికి ఎవరు అర్హులు, ఫిత్రా, ఖుర్బానీ ఎవరిమీద విధి అవుతాయి అని నిర్ణయించేటప్పుడు అవసరానికి మించి పడి ఉన్న సామాను విలువను కూడా లెక్కలోకి తీసుకుంటారు. అంటే వాడే మంచం అవసరం. వాడకుండా గదికి అడ్డంగా పడి ఉన్న మంచం సంపద. ఈ తేడాను ఒక్కసారి మన ఇళ్లలో నిలబడి చూస్తే ఎంతో అర్థమవుతుంది.

మంచి నెల, గడ్డు నెల

ఇప్పుడు వాయిదాల సంగతి చూద్దాం. మన యువకునికి సంవత్సరంలో ఐదు నెలలు నెలకు 40 వేలు, నాలుగు నెలలు 20 వేలు, మూడు నెలలు 9 వేలు వస్తాయనుకుందాం. మొత్తం 3 లక్షల 7 వేలు. సగటున నెలకు పాతిక వేల పైచిలుకు. నెలకు 4 వేల వాయిదా మీద సోఫా, డబుల్ కాట్, బీరువా ఇస్తామని దుకాణదారు చెబుతాడు. సగటు ఆదాయంలో అది ఆరో వంతు కూడా కాదు. చాలా తేలిక అనిపిస్తుంది.

కాని ఎవరూ సగటు నెలలో జీవించరు. గడ్డు నెలలో చేతికి వచ్చేది 9 వేలు. అద్దె 5 వేలు, వాయిదా 4 వేలు పోతే బియ్యం కొనడానికి ఒక్క రూపాయి మిగలదు. సరిగ్గా అలాంటి నెలలో ఒక మద్యం దుకాణం యజమాని వచ్చి పెద్ద బోర్డు రాయమంటాడు. మంచి డబ్బు ఇస్తానంటాడు. మామూలు నెలలో ఆ యువకుడు "క్షమించండి, నేను చేయను" అని మర్యాదగా చెప్పి పంపేవాడు. ఈ నెలలో మాత్రం ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. అతని ఈమాన్ ఒక్క నెలలో తగ్గిపోయిందా? లేదు. అతని తరఫున సోఫా జవాబు చెబుతోంది.

ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే. ఆదాయంలో హెచ్చుతగ్గులున్న వ్యక్తికి "వద్దు" అని చెప్పగల శక్తే పెద్ద ఆస్తి. ధర్మవిరుద్ధమైన పనిని వద్దనడానికి, నాసిరకం పనిని వద్దనడానికి, తొందరపెట్టి సగం ధరకు చేయించుకునేవాణ్ణి వద్దనడానికి అదే ఆధారం. ఇంటి మీద ప్రతి నెలా కట్టవలసిన భారం గడ్డు నెల ఆదాయాన్ని మించితే ఆ శక్తి పోతుంది. అప్పుడు పని ఇంటిని పోషించడం ఆగిపోయి, సామాను పనిని శాసించడం మొదలవుతుంది.

మరి గడ్డు నెలలకు మార్గమేమిటి? యూసుఫ్ సూరా మనకు చక్కని దారి చూపుతుంది. ఏడు సమృద్ధి సంవత్సరాలు, ఏడు కరువు సంవత్సరాలు రాబోతున్నాయని కల భావం చెప్పిన హజ్రత్ యూసుఫ్ (అలై), పండిన ధాన్యంలో తినేంత మాత్రమే తీసి మిగిలినది వెన్నుల్లోనే ఉంచమని సలహా ఇచ్చారు. మన యువకుడు ఆ ఐదు మంచి నెలల్లో నెలకు 6,600 పక్కన పెడితే 33 వేలవుతుంది. మూడు గడ్డు నెలల్లో నెలకు 11 వేలు చొప్పున కలుపుకుంటే ఆ నెలలు కూడా 20 వేల నెలలవుతాయి. ఇంటికి ఏ సామాను కొన్నా ఈ 33 వేలు పక్కన పెట్టిన తర్వాతే. దాచుకోవడం తవక్కుల్‌కు విరుద్ధమని కొందరు అపోహపడతారు. దైవప్రవక్త (స) తమ కుటుంబానికి ఏడాది గ్రాసాన్ని కేటాయించి ఉంచేవారని బుఖారీ గ్రంథంలో ఉంది. అల్లాహ్ మీద నమ్మకంలో ఆయనను మించినవారెవరు?

వాయిదాల విషయంలో ధర్మాదేశం కూడా తెలుసుకోవడం అవసరం. వస్తువు యజమానే ఒక నిర్ణీత ధరకు, నిర్ణీత వాయిదాల్లో అమ్మడం వేరు. ఆ ధర రొక్కపు ధర కంటే ఎక్కువైనా, ఒప్పందం నాడే ఖరారై, తర్వాత ఆలస్యానికి ఒక్క పైసా పెరగకపోతే అది ధర్మసమ్మతమేనని 1990లో జెద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ ఆరవ సమావేశం తీర్మానించింది. ఫైనాన్స్ సంస్థ నుంచి వడ్డీకి అప్పు తీసుకొని కొనడం వేరు. అది వడ్డీయే. "సున్నా వడ్డీ" అనే బోర్డు చూసి కూడా మోసపోకూడదు. అలాంటి పథకాల్లో వడ్డీ చాలాసార్లు ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాగి ఉంటుందని 2013 సెప్టెంబరులో భారతీయ రిజర్వు బ్యాంకే బ్యాంకులను హెచ్చరించింది. కాగితం మీద సంతకం చేసే ముందు దాన్ని పూర్తిగా చదివించుకోండి. ఆలస్య రుసుము గురించి అడగండి. సందేహముంటే ఒక ఆలిమ్‌ను సంప్రదించండి. పదిమంది నమ్మకస్తులు కలిసి పాట లేకుండా, కోత లేకుండా, వంతుల వారీగా అందరికీ సమానంగా అందే చీటీ వేసుకోవడం ఎంతో మేలు.

ఇంటివారి హక్కు

ఇంతవరకు చదివిన మన యువకుడు సంతోషపడవచ్చు. "చూశారా, నేను చెప్పింది నిజమే. సామాను అక్కరలేదు" అనవచ్చు. ఇప్పుడు అతను వినవలసిన మాట ఉంది.

దైవప్రవక్త (స) పడక తోలుతో కుట్టి లోపల ఖర్జూరపు పీచు నింపినదని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఒకసారి హజ్రత్ ఉమర్ (రజి) వచ్చినప్పుడు ఆయన చాప మీద ఉన్నారు, దాని అచ్చులు ఆయన దేహం మీద కనిపించాయి. ఉమర్ (రజి) కన్నీరు పెట్టుకున్నారు. ఇవన్నీ నిజం. కాని ఆయన ఆ జీవితాన్ని ముందుగా స్వయంగా ఎంచుకున్నారు. తాను మెత్తని పరుపు మీద పడుకొని ఇంటివారిని చాప మీద పడుకోబెట్టలేదు. సహధర్మచారిణుల ముందు కూడా ఎంపిక ఉంచారు. అహ్‌జాబ్ సూరా 28, 29 ఆయతులు ఆ ఎంపిక గురించే చెబుతాయి. వారు తమ ఇష్టంతో ఆ జీవితాన్ని కోరుకున్నారు. భార్యను అడగకుండా, ఆమె ఇష్టం తెలుసుకోకుండా, తన కళ కోసం ఆమె మీద పేదరికాన్ని రుద్ది దానికి సున్నత్ అని పేరు పెట్టడం న్యాయం కాదు.

హజ్రత్ సల్మాన్ (రజి) తన ధర్మసోదరుడు అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్లినప్పుడు ఆయన సతీమణి మాసిన బట్టల్లో కనిపించారు. అబూ దర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు చేస్తూ ఇంటిని పట్టించుకోవడం లేదని తెలిసింది. ప్రభువు హక్కుతో పాటు నీ దేహానికి, నీ ఇంటివారికి కూడా నీపై హక్కు ఉందని సల్మాన్ (రజి) ఆయనకు గట్టిగా గుర్తుచేశారు. దైవప్రవక్త (స) ఆ మాటను సమర్థించారు. ఆలోచించండి! ఆరాధన పేరుతోనే ఇంటివారి హక్కును మరవడానికి వీల్లేనప్పుడు, కళ పేరుతో మరవడానికి వీలుంటుందా?

మరి ఆ హక్కు ఎంత? తలాక్ సూరా భర్త స్తోమతనే కొలతగా పెట్టింది. కలిగినవాడు తన కలిమికి తగినట్లు, ఇరుకులో ఉన్నవాడు తనకు లభించినదాంట్లో నుంచి ఖర్చుపెట్టాలి. కాబట్టి పక్కింటి సోఫా కొలత కాదు. అలాగే భర్త తాత్వికత కూడా కొలత కాదు. ఇమామ్ షాతిబీ (మరణం 1388) వంటి ధర్మవేత్తలు మనిషి అవసరాలను మూడు మెట్లుగా వివరించారు. లేకపోతే జీవితం నిలవనివి జరూరియాత్. లేకపోతే ఇబ్బంది కలిగించేవి హాజియాత్. ఉంటే అందాన్నిచ్చేవి తహ్సీనియాత్. కోనసీమలో వానాకాలం నేల చెమ్మగా ఉంటుంది, పురుగూ పుట్రా తిరుగుతాయి. నేలకు ఎత్తుగా ఉండే పడక ఇక్కడ అవసరమే. పిల్లలు పదేళ్లకు రాగానే వారి పడకలు వేరు చేయమని హదీసు ఆదేశించింది. కాబట్టి వారికి వేరు పడకలు కూడా అవసరమే. ఇంటి ఆడవారికి మరుగునిచ్చే తలుపు, తెర అవసరం. ఫ్యాను, బట్టల బీరువా, ఫ్రిజ్ వంటివి ఇబ్బంది తొలగించేవి. స్తోమత కొద్దీ ఒక్కొక్కటే రావచ్చు. షోకేసు, సోఫా మూడో మెట్టువి. మొదటి మెట్టు పూర్తికాకుండా "నేను కళాకారుణ్ణి" అనేవాడు తప్పు చేస్తున్నాడు. రెండో మెట్టు కూడా దాటకుండా మూడో మెట్టు కోసం అప్పు చేసేవాడూ తప్పు చేస్తున్నాడు.

ఇల్లాలు స్వయంగా సంపాదిస్తుంటే ఏమిటి అనే ప్రశ్న కూడా వస్తుంది. వశిష్ఠకు ఆవల నరసాపురంలో పేరుపొందిన లేసు అల్లికను ఈవల రాజోలు ప్రాంతంలోనూ స్త్రీలు ఇంట్లో కూర్చొని అల్లుతారు. టైలరింగ్ చేసేవారు ఎందరో ఉన్నారు. ఆ సంపాదన ఆమెది. ఇంటి సామాను కొనమని ఆమెను నిర్బంధించే హక్కు భర్తకు లేదు. ఆమె మనస్ఫూర్తిగా ఇంటిమీద ఖర్చుపెడితే అది దానం. హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) సతీమణి జైనబ్ (రజి) ఇదే విషయం అడిగించినప్పుడు, బంధుత్వపు పుణ్యం, దానపు పుణ్యం రెండూ లభిస్తాయని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఆ దానానికి భర్త కృతజ్ఞుడై ఉండాలి.

పీచు, పనస చెక్క, పాత పరుపు

సామాను చుట్టుపక్కల దొరికేవాటితో సమకూరడం అల్లాహ్ అనుగ్రహమని మొదట చెప్పుకున్నాం. అరబ్బు దేశంలో తోళ్లు, ఉన్ని, ఖర్జూరపు పీచు ఉంటే కోనసీమలో కొబ్బరి ఉంది. పీచుతో తాళ్లు, నులక, పరుపులు వస్తాయి. ముదురు కొబ్బరి మానులో అంచు భాగం గట్టిది, నడిమి భాగం మెత్తనిది. అంచు చెక్కను బాగా ఆరబెట్టి, మందు పట్టించి వాడితే బల్లలకు, అలమరలకు పనికొస్తుంది. వేప చెక్కకు చెద త్వరగా పట్టదు. పనస చెక్క కొత్తలో పసుపుగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. పాత మండువా ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే తలుపులు, దూలాలు పాత కలప అమ్మే చోట దొరుకుతాయి. వాటితో వడ్రంగి చేసిన మంచం, రంపపు పొట్టు అట్టతో చేసిన మెరిసే మంచం కంటే ఎక్కువ కాలం ఉంటుంది. ఆ అట్ట ఇక్కడి తేమకు ఉబ్బుతుంది. సముద్రపు గాలికి చౌక ఇనుప బీరువా తుప్పుపడుతుంది. చౌకగా కొని నాలుగేళ్లకు పారేయడం పొదుపు కాదు, మెల్లగా జరిగే దుబారా.

పరుపు సంగతే చూడండి. మన దూదేకుల సోదరుల వృత్తి ఇంటింటికీ సుఖనిద్రను ఇచ్చింది. దూది పరుపు గడ్డకడితే విప్పి, విల్లుతో ఏకి, మళ్లీ నింపి కుట్టేవారు. ఒక పరుపు రెండు మూడు సార్లు కొత్తదయ్యేది. ఫోమ్ పరుపు కుంగిపోతే మళ్లీ లేవదు. బుర్రకథను కొత్త ఎత్తుకు తీసుకెళ్లి 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ (1920–1997) తన ఆత్మకథకు "పింజారి" అని పేరు పెట్టుకున్నారు. అది దూది ఏకేవాని పేరు. వేదికల మీద అంత పేరు వచ్చినా పుట్టిన వృత్తిని దాచుకోలేదు. చేతిపని చిన్నతనమని భావించే మన యువతరం దీన్ని గమనించాలి. హజ్రత్ దావూద్ (అలై) కవచాలు చేశారు. హజ్రత్ జకరియ్యా (అలై) వడ్రంగి. అంతిమ దైవప్రవక్త (స) గొర్రెలు కాశారు, వ్యాపారం చేశారు, ఇంట్లో తమ చెప్పులు తామే కుట్టుకున్నారు. ఒకే మనిషి నాలుగు పనులు చేయడం నిలకడలేనితనం కాదు. ఏ పనిలోనూ నాణ్యత లేకపోవడమే నిలకడలేనితనం.

అందాన్ని మాత్రం ఇస్లాం నిషేధించలేదు. అల్లాహ్ సౌందర్యవంతుడు, సౌందర్యాన్ని ఇష్టపడతాడన్నది ప్రసిద్ధ హదీసు భావం. అందమైన వస్తువు గర్వం కాదు, సాటివారిని తక్కువగా చూడటం గర్వమని అదే హదీసు తేల్చింది. బొమ్మలున్న తెరను దైవప్రవక్త (స) ఇష్టపడనప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) దాన్ని కోసి దిండుగా మలిచారు. వస్తువు వృథా కాలేదు, ఇల్లు బోసిపోలేదు. రంగులు, అక్షరాలు తెలిసిన మన యువకుడు ఈ విషయంలో పక్కింటి వారికంటే ధనవంతుడే. సున్నం వేసిన గోడ మీద తన చేత్తో రాసిన ఒక దుఆ, నేలమీద శుభ్రమైన తుంగచాప, కిటికీకి ఇల్లాలు అల్లిన తెర, వాకిట రెండు మొక్కలు ఉంటే చాలు. దానికి వాయిదాలుండవు.

జహేజ్ అనే అడ్డదారి

తక్కువ ఖర్చుతో ఇల్లు నింపుకోవడానికి మన సమాజం కనిపెట్టిన ఒక అడ్డదారి ఉంది. అది అత్తవారిచేత నింపించుకోవడం. మంచం, పరుపు, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్ అని జాబితా రాసి పంపడం. కొందరు నోరు తెరిచి అడగరు. "మీ అమ్మాయికి మీ ఇష్టమొచ్చింది ఇచ్చుకోండి" అంటారు. ఆ మాట విన్న తండ్రికి అదే పెద్ద జాబితా. హజ్రత్ ఫాతిమా (రజి) అత్తవారింటికి తీసుకెళ్లిన దుప్పటి, నీటి తిత్తి, గడ్డి నింపిన తోలు దిండును సాకుగా చూపుతారు. హజ్రత్ అలీ (రజి) తన కవచాన్ని మహర్‌గా ఇచ్చిన సంగతి మాత్రం చెప్పరు. ఇంటిని సమకూర్చడం భర్త బాధ్యత. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కూడా కట్నం అడగడం నేరం. తన కష్టంతో కొన్న ఒక్క నులక మంచం మీద వచ్చే నిద్ర, మామగారి అప్పుతో వచ్చిన డబుల్ కాట్ మీద రాదు.

గడువు వరకే

సామాను ఒక గడువు వరకేనన్న మాటను కోనసీమ వారికి వేరే వివరించనక్కరలేదు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం వద్ద దాదాపు 35 లక్షల క్యూసెక్కుల నీరు పారింది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, లక్షల కొబ్బరి చెట్లను నేలకూల్చింది. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చిన వరదలో లంక గ్రామాలు మునిగాయి. అలాంటి రాత్రి ప్రజలు ఏమి తీసుకొని గట్టు ఎక్కుతారు? పిల్లలను, ముసలివారిని, కాగితాలను, బియ్యాన్ని. చేతనైతే పనిముట్లను. సోఫాను ఎవరూ మోయరు. గట్టు ఎక్కే రాత్రి మనం రాసుకునే జాబితాయే అసలైన జాబితా. తుపాను లేని రోజున కూడా దాన్ని గుర్తుంచుకున్నవాడు వివేకవంతుడు.

ఇక చివరి మాట. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. దాని భావం ప్రకారం ఇంట్లో ఒక పడక ఇంటి యజమానికి, ఒకటి అతని భార్యకు, మూడోది అతిథికి. నాలుగోది షైతాన్‌ది. పిల్లలెక్కువగా ఉన్న ఇంట్లో వారికి కావలసిన పడకలను ఇది నిషేధించడం లేదు. అవసరం లేకుండా గొప్ప కోసం పరచిన పడక గురించే ఇది హెచ్చరిస్తుందని ధర్మపండితులు వివరించారు. గమనించండి, అతిథి పడక జాబితాలో ఉంది. బీద ఇంట్లోనూ వచ్చినవారికి చోటుండాలి. లేనిదల్లా చూసేవారి కోసం పరచిన పడక.

కాబట్టి మన యువకుడికీ, అతని ఇల్లాలికీ, అతని బంధువులకూ చెప్పవలసింది ఒక్కటే. ఇంటికి రెండు హద్దులున్నాయి. కింది హద్దు ఇంటివారి హక్కు. అంతకంటే తగ్గితే అన్యాయం. పై హద్దు గడ్డు నెల మోయగలిగిన బరువు. అంతకంటే పెరిగితే బానిసత్వం. ఈ రెండు హద్దుల మధ్య అతను తనకు వచ్చిన పనులన్నీ నిశ్చింతగా చేసుకోవచ్చు. హలాల్ కానిదాన్ని, నాణ్యత లేనిదాన్ని ధైర్యంగా వద్దనవచ్చు. ఏ హద్దు ఎక్కడుందో భార్యాభర్తలు కలిసి కూర్చొని, కాగితం మీద లెక్కవేసి, సంప్రదింపులతో తేల్చుకోవాలి. ఎంత ప్రయత్నించినా కింది హద్దు కూడా అందకపోతే, కొంతకాలం నెల జీతానికి చేరి సెలవు రోజుల్లో కుంచె పట్టడం అవమానం కాదు. అది కూడా గొడ్డలి పట్టడమే.

పాఠక సోదర సోదరీమణులారా! ఈ రాత్రి ఇషా నమాజు తర్వాత మీ ఇంట్లో ఒకసారి కలియతిరగండి. ప్రతి వస్తువు ముందు నిలబడి ఇది ఎవరి కోసం అని ప్రశ్నించుకోండి. మన కోసమా, పిల్లల కోసమా, పని కోసమా, అతిథి కోసమా? ఈ నాలుగింటిలో ఏ జవాబూ రాని వస్తువును అవసరమున్న ఇంటికి పంపేయండి. కొత్తగా కాపురం పెట్టిన ఏ జంటకో అది మొదటి పడక అవుతుంది.

మన ఇళ్లను ప్రశాంతతకు నిలయాలుగా, మన చేతి పనులను హలాల్ ఉపాధికి మార్గాలుగా చేసి, దుబారా నుంచి, పిసినారితనం నుంచి అల్లాహ్ మనందరినీ కాపాడుగాక! ఆమీన్.